పట్టాల మీది ఊరు, పట్టాలు లేని ఊరు: ఆదోని, ఎమ్మిగనూరుల స్థానిక చరిత్ర, కళలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు ఒక రైల్వే స్టేషన్ పరిసరాలను, ఒక పాత కట్టడాన్ని, ఒక నేతబట్టను చరిత్రకు ఆధారాలుగా పరిశీలించగలుగుతారు. స్థానికులు చెప్పే కథను కొట్టిపారేయకుండా, అలాగని గుడ్డిగా నమ్మకుండా ఎలా విచారించాలో చెప్పగలుగుతారు. మీ ఊరిలో ఒక చిన్న క్షేత్ర పరిశీలన జరిపి నాలుగైదు పుటల నివేదిక రాయగలుగుతారు.

1. పరిచయం

కళ అనగానే మనకు అజంతా, లేపాక్షి గుర్తుకొస్తాయి. చరిత్ర అనగానే రాజధానులు గుర్తుకొస్తాయి. పత్తి యార్డు, నూనె మిల్లు, గూడ్స్ షెడ్డు ఉన్న ఊరిలో చూడటానికి ఏముందని ఆ ఊరివాళ్లే అడుగుతారు. కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల గురించి కూడా ఈ మాట వినిపిస్తుంది. మంత్రాలయం వెళ్లే యాత్రికులు ఏటా ఎందరో ఈ దారిన వెళ్తారు. వారిలో చాలామందికి ఆదోని అంటే రైలు కిటికీలోంచి కనిపించే ఒక బోర్డు, వెనుక కొన్ని బండరాతి కొండలు, అంతే.

ఈ రెండు పట్టణాల మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. రెండింటి చుట్టూ ఉన్నది ఒకే నల్లరేగడి. పండేది ఒకే పత్తి. వచ్చిన కరువులూ ఒకటే. కాని 1871 నాటికి ఆదోనికి రైలు వచ్చింది, ఎమ్మిగనూరుకు ఈనాటికీ రాలేదు. ఆదోని పేరు పత్తి బేళ్లతో, ఎమ్మిగనూరు పేరు మగ్గాల మీది దుప్పట్లతో ముడిపడింది. పక్కపక్కనే ఉన్న ఊళ్లు ఇలా వేర్వేరు దారులు ఎందుకు పట్టాయి? రైలు ఒక్కటే దానికి కారణమా? ఈ ప్రశ్నను దృష్టిలో పెట్టుకుని చదివితే కోట, మసీదు, జంఖానా, గూడ్స్ షెడ్డు అన్నీ ఒకే కథలోని భాగాలుగా కనిపిస్తాయి.

2. ముందుగా ఏ జిల్లా పుస్తకం తెరవాలి?

ఆదోని చరిత్ర కోసం కొత్తగా వెతికే విద్యార్థి సహజంగా కర్నూలు జిల్లా పుస్తకాలనే అడుగుతాడు. నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1886లో వెలువరించిన కర్నూలు జిల్లా మాన్యువల్ మంచి పుస్తకమే. అయితే ఆదోని అప్పటికి ఆ జిల్లాలో లేదు. ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది, ఎమ్మిగనూరు ఆ తాలూకాలోని ఊరు. అందువల్ల మీరు చూడవలసినవి 1872లో జాన్ కెల్సాల్ రాసిన బళ్లారి జిల్లా మాన్యువల్, 1904లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన బళ్లారి గెజెటీరు.

నిజాం 1800లో కంపెనీకి అప్పగించిన దత్త మండలాల్లో ఆదోని ఒకటి. ఆ మండలాలకు మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. కర్నూలు మాత్రం 1839 వరకు నవాబుల పాలనలోనే ఉంది. నేడు ఒకే జిల్లాలో ఉన్న ఈ రెండు ప్రాంతాల పాలన చరిత్రల మధ్య సుమారు నాలుగు దశాబ్దాల తేడా ఉందన్నమాట. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మొదటి రెండూ కర్నూలు జిల్లాలో, మూడోది అనంతపురం జిల్లాలో కలిశాయి. బళ్లారి మైసూరుకు వెళ్లింది. అప్పటిదాకా కోర్టుకు, కలెక్టరు కచేరికి, నాటకానికి బళ్లారి వెళ్లిన ఆదోనివాళ్లకు ఆ రోజు నుంచి జిల్లా కేంద్రం కర్నూలు అయింది. ఇక్కడి మాటలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించడానికి ఈ సరిహద్దు జీవితమే కారణం.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. విజయనగర కాలపు శాసనాల్లో ఈ ఊరు ఆదవాని. మొగలుల కాలంలో దీనికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు, ఆ పేరు ముద్రించిన నాణేలు కూడా ఉన్నాయి. ‘ఆదోని’ అని మాత్రమే వెతికితే ఈ ఆధారాలు చేతికి రావు. దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. ఆదోని దాటి రాయచూరు వైపు వెళ్తే కుప్పగల్ అనే స్టేషన్ వస్తుంది. చరిత్రపూర్వ యుగపు రాతి చెక్కుడు బొమ్మలకు పేరు పొందిన కుప్పగల్ అది కాదు, బళ్లారి దగ్గర సంగనకల్లు పక్కన ఉన్నది. పేరు ఒకటైనంత మాత్రాన ఊరు ఒకటి కాదు.

మరో సంగతి. ఈ ప్రాంతపు పాత శాసనాల్లో చాలా వరకు కన్నడంలో ఉన్నాయి. దక్షిణ భారత శాసనాల తొమ్మిదో సంపుటం మద్రాసు రాష్ట్రంలోని కన్నడ శాసనాలకు కేటాయించినది. ఆదోని, ఆలూరు తాలూకాల శాసనాల పాఠాలు అందులో దొరుకుతాయి. ‘మన ఊరి శాసనం కన్నడంలో ఉందేమిటి?’ అని ఆశ్చర్యపోనక్కరలేదు. శాసనం వేయించిన నాటికి నేటి రాష్ట్ర సరిహద్దు లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 1953కు ముందటి ఆదోని సమాచారం కోసం బళ్లారి జిల్లా గ్రంథాలను ఎందుకు చూడాలి? మీ ఊరు గత 150 ఏళ్లలో ఏయే జిల్లాల్లో ఉందో తెలుసుకుని రాయండి.

3. కోట, మసీదు, మఠం

ఆదోని కోట ఒకే కొండ మీద లేదు. అయిదు బండరాతి కొండలను కలుపుతూ కట్టినది. వాటిలో బారాకిల్లా, తాళిబండ అన్నవి ఎత్తయినవి, చుట్టూ ఉన్న నేల మీద సుమారు 800 అడుగులు లేచి ఉంటాయి. చరిత్రకారుడు ఫెరిస్తా ఈ కోటకు ఒకదాని లోపల ఒకటిగా పదకొండు గోడలున్నాయని రాశాడు. కొండ మీద తీర్థంకరుల చెక్కడాలు ఉండటం వల్ల, కోట ప్రాధాన్యానికి ముందే ఇది జైనుల స్థలమని తెలుస్తుంది. ఆదోనికి దగ్గరలోని పెద్దతుంబళంలోనూ జైన అవశేషాలున్నాయి.

కృష్ణా, తుంగభద్రల మధ్య అంతర్వేది కోసం బహమనీలు, విజయనగర రాజులు పోరాడినంత కాలమూ తుంగభద్రకు దక్షిణాన ఉన్న ఈ కోట విజయనగరానికి కాపలా వంటిది. 1565లో తళ్లికోట యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1568లో, బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్‌షా దీన్ని పట్టుకున్నాడు. సుమారు 120 ఏళ్లు ఇది బీజాపూర్ కోటగా ఉంది.

ఆ పాలన చివరి దశలో ఆదోనిని ఏలినవాడు సిద్ది మసూద్ ఖాన్. సిద్దీలు ఆఫ్రికాలోని అబిసీనియా నుంచి వచ్చినవారు. దక్కన్ సుల్తానుల కొలువులో సైనికులుగా, సేనానులుగా, మంత్రులుగా ఎదిగారు. మసూద్ బీజాపూర్‌లో రాజప్రతినిధి పదవి దాకా వెళ్లాడు. 17వ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఆదోనిలో షాహీ జామియా మసీదును కట్టించింది ఇతడే. కొండ కింద, బజారు రద్దీ మధ్య ఉన్న ఈ మసీదును చూడటానికి వెళ్లేటప్పుడు బీజాపూర్ కట్టడాల లక్షణాలను ముందుగా గుర్తుపెట్టుకోండి. అక్కడి గుమ్మటాలు తామర రేకుల మధ్య నుంచి పైకి లేచినట్టు ఉంటాయి. మీనార్లు సన్నగా ఉండి, చివర చిన్న గుమ్మటపు మొగ్గతో ముగుస్తాయి. కమానుల మీద గచ్చుపనిలో లతలు, పతకాల వంటి ఆకారాలు కనిపిస్తాయి. వీటిలో ఆదోని మసీదులో ఏవి ఉన్నాయి, ఏవి లేవు, ఏవి తరువాతి రంగుల కింద కప్పబడ్డాయి అన్నది మీరే చూసి రాసుకోండి. శైలి పేరు బట్టీ పట్టడం కంటే ఇది ఎక్కువ ఉపయోగం. ప్రార్థన సమయాల్లో కాకుండా, అనుమతి అడిగి లోపలికి వెళ్లాలి.

ఈ మసీదు గురించి ఒక కథ ఉంది. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ ఆదోనిని ముట్టడించాడు. కోట లొంగలేదు. మసూద్‌కు ఆ మసీదంటే ప్రాణమని తెలిసి, మొగలులు ఫిరంగులను మసీదు వైపు తిప్పారట. అది దెబ్బతినడం చూడలేక మసూద్ కోటను వదులుకున్నాడట. ముట్టడి, లొంగుబాటు చరిత్రకు తెలిసిన విషయాలే. ఫిరంగులు మసీదు వైపు తిరిగాయన్నది కథనం. రెండింటినీ ఒకే వాక్యంలో కలిపి రాయకండి. అలాగని కథను వదిలేయకండి కూడా. ఒక పాలకుడు తన కోట కంటే తాను కట్టించినదాన్ని ఎక్కువ ప్రేమించాడని ఊరు మూడు వందల ఏళ్లుగా చెప్పుకుంటోందంటే, ఆ మసీదుకు ఊరి మనసులో ఉన్న స్థానం ఏమిటో తెలుస్తుంది.

అదే మసూద్ ఖాన్ మరో సంప్రదాయంలోనూ కనిపిస్తాడు. మంత్రాలయం పాత పేరు మంచాల. ఆ గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ ఇచ్చాడని మఠం సంప్రదాయం చెబుతుంది. స్వామి 1671లో బృందావన ప్రవేశం చేశారు. మసూద్ ఆదోనిలో ఉన్న కాలానికి ఈ సంవత్సరం సరిపోతుంది. కాలం సరిపోవడం వల్ల దానం గురించిన మాటకు బలం చేకూరుతుంది. దానితోపాటు చెప్పే మహిమల కథలు భక్తికి సంబంధించినవి, వాటిని తేదీలతో తూచలేం, తూచవలసిన అవసరమూ లేదు. ఒకే మనిషిని ఊళ్లో ఒక మసీదు, నది ఒడ్డున ఒక మఠం గుర్తుపెట్టుకోవడం నా దృష్టిలో ఈ ప్రాంత చరిత్రలో అన్నిటికంటే విలువైన విషయం. పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక్క పంక్తి కూడా దక్కదు.

మొగలుల తరువాత ఆదోని నిజాం చేతికి వచ్చింది. నిజాం అలీ తమ్ముడు బసాలత్ జంగ్ దీన్ని జాగీరుగా ఏలి 1782లో చనిపోయాడు. ఆయన సమాధి ఆదోనిలోనే ఉంది. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి కోటను పట్టుకుని, గోడలను పడగొట్టించాడు. ఇప్పుడు మీరు కొండ మీద చూసే శిథిలాలను ‘కాలం కూల్చింది’ అని రాయకూడదు. చాలావరకు మనుషులే కూల్చారు, ఎప్పుడన్నది కూడా తెలుసు.

4. రైలు ఏం చేసింది?

మద్రాసు రైల్వే కంపెనీ తన వాయవ్య మార్గాన్ని అరక్కోణం, రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు దాకా వేసింది. బొంబాయి నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే రాయచూరుకు వచ్చి దీన్ని కలిసింది. 1871లో బొంబాయి, మద్రాసు నగరాల మధ్య రైలుదారి పూర్తయింది. మద్రాసు నుంచి ఆదోనికి రైలులో 307 మైళ్లు, అంటే దాదాపు 494 కిలోమీటర్లు. గుంతకల్లు సుమారు 50, రాయచూరు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి.

రైలుకు ముందు పత్తి ఎద్దుబండ్ల మీద, లంబాడీల పెరికె ఎద్దుల మీద వెళ్లేది. నల్లరేగడి గురించి తెలిసినవారికి ఇందులోని కష్టం చెప్పనక్కరలేదు. నాలుగు చినుకులు పడితే చక్రం కూరుకుపోతుంది. వానకాలమంతా సరుకు ఊళ్లలోనే ఆగిపోయేది. రైలు రావడంతో ఏ నెలలోనైనా పత్తి బొంబాయికి పోవచ్చు.

అయితే ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. గింజ తీయని పత్తి వంద కిలోలు తీసుకుంటే అందులో దూది సుమారు మూడో వంతు మాత్రమే, మిగతాది గింజ. గింజతో పంపితే రెండు వంతులు అనవసరపు బరువుకు కిరాయి కట్టినట్టు. గింజ తీసినా దూది తేలిక, కాని స్థలం చాలా ఆక్రమిస్తుంది. వ్యాగన్ నిండిపోతుంది, బరువు మాత్రం రాదు. అందుకని గింజ తీసే జిన్నింగ్ ఫ్యాక్టరీలు, దూదిని బిగించి బేళ్లు కట్టే ప్రెస్సులు స్టేషన్‌కు దగ్గరలో పుట్టుకొచ్చాయి. నేడు మన దేశంలో ప్రామాణికమైన బేలు బరువు 170 కిలోలు. గింజ నుంచి నూనె, పిండి వచ్చాయి. వేరుశనగ తోడైంది. వ్యాపారం కోసం ఉత్తరాది నుంచి వచ్చిన మార్వాడీ కుటుంబాలు స్థిరపడ్డాయి. బట్ట, బంగారం, పత్తి వ్యాపారాల వల్ల ఆదోనికి ‘రెండో బొంబాయి’ అనే పేరు పడింది. 1901 జనాభా లెక్కల్లో ఆదోని జనాభా 30,416. ఆ కాలానికి అది చిన్న పట్టణం కాదు.

రైలును పొగిడి ఊరుకుంటే సగం చరిత్రే చెప్పినట్టు. పట్టాలు వేసిన అయిదేళ్లకే 1876-78 మహా కరువు వచ్చింది. బళ్లారి జిల్లా తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. రైలు స్టేషన్ దాకా ధాన్యాన్ని తెచ్చింది. కాని మేత, నీళ్లు లేక ఎద్దులు చచ్చిపోయాయి, స్టేషన్ నుంచి లోపలి ఊళ్లకు బస్తాలు మోసే బండ్లు కదలలేదు. ధాన్యం ఉన్నచోటికి ఆకలితో ఉన్న మనిషి నడిచి రావలసి వచ్చింది. కరువులో నేతపనివారి పరిస్థితి మరీ అన్యాయం. రైతుకు పంట పోతే అందరికీ కనిపిస్తుంది. తిండికే లేనప్పుడు ఎవరూ బట్ట కొనరు, కాబట్టి నేతగాడి చేతిలో పని ఉండి కూడా డబ్బు ఉండదు.

ఈనాడు ఆదోని, కోసిగి స్టేషన్లలో మూటలు, వంట సామాన్లు, చిన్నపిల్లలతో నిలబడిన కుటుంబాలను చూస్తే ఈ కథ కొనసాగుతోందని తెలుస్తుంది. ఇక్కడివారు దీన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోత కాలం. పంటల పండుగను సూచించే ఆ మాటకు ఇక్కడ వలస అనే అర్థం వచ్చింది. గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడం పనులకు వెళ్తారు. ఒకప్పుడు పత్తిని మోసుకెళ్లిన దారి ఇప్పుడు మనుషులను మోసుకెళ్తోంది.

5. బట్టను చదవడం

ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ఆదోని పేరు పత్తికే కాదు, నూలు జంఖానాలకూ ప్రసిద్ధి. నాటి గెజెటీర్లు ఆదోని జంఖానాలను ప్రత్యేకంగా పేర్కొన్నాయి. పట్టు, నూలు బట్టలు కూడా ఊళ్లో నేసేవారు. అంటే రైలు వచ్చిన ఊళ్లో మగ్గం వెంటనే ఆగిపోలేదు. మిల్లు నూలు రైలులో చవకగా దిగింది, చేతి నూలు పోయింది, మగ్గం మాత్రం మిల్లు నూలుతో కొంతకాలం నడిచింది. ‘రైలు వచ్చింది, చేనేత చచ్చింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేవాళ్లు ఈ విషయాన్ని గమనించరు.

జంఖానా, దుప్పటి రెండూ నూలువే, కాని నేత వేరు. పొడుగునా మగ్గానికి బిగించే దారాలు పడుగు. నాడెతో అడ్డంగా పంపే దారం పేక. జంఖానాలో పేక దారం లావుగా ఉంటుంది. దాన్ని గట్టిగా దగ్గరికి కొట్టడం వల్ల పడుగు దారాలు పూర్తిగా కప్పబడిపోతాయి. అందుకే జంఖానాలో రంగు, పట్టె, బొమ్మ అన్నీ పేక వల్లనే వస్తాయి. వందలమంది కూర్చున్నా నలగకుండా, రెండు వైపులా పరచుకోవడానికి వీలుగా ఉండటానికి కారణమూ అదే. దుప్పటిలో పడుగు, పేక రెండూ కనిపిస్తాయి. పడుగులోనూ పేకలోనూ ఎరుపు, తెలుపు పట్టెలు వాడితే గళ్లు పడతాయి, కలిసినచోట మూడో రంగు వచ్చినట్టు కంటికి తోస్తుంది.

మీ ఇంట్లో ఉన్న ఒక పాత దుప్పటిని తీసుకుని ఈ పని చేయండి. స్కేలు పెట్టి ఒక అంగుళంలో ఎన్ని పడుగు దారాలు, ఎన్ని పేక దారాలు ఉన్నాయో లెక్కపెట్టండి. అంచును చూడండి. నాడె అటూ ఇటూ తిరిగిన బట్టకు అంచు దానంతటదే మూసుకుని ఉంటుంది. వెడల్పాటి మరమగ్గపు గుడ్డను కోసి అమ్మితే అంచును మడిచి కుట్టవలసి వస్తుంది. అక్కడక్కడ దారం సాంద్రత మారిందేమో చూడండి. నేతగాడు భోజనానికి లేచి వచ్చాక దెబ్బ బలం కొంచెం మారుతుంది, ఆ తేడా బట్టలో ఉండిపోతుంది. ఇది లోపమని వ్యాపారి ధర తగ్గిస్తాడు. మీకు మాత్రం అది ఆధారం.

పదాల విషయంలో ఒక సూచన. గుంత మగ్గం, నాడె, కండె, ఆసు, రాట్నం వంటి మాటలు ఊరికి ఊరికి, కులానికి కులానికి కొంచెం మారతాయి. ఎమ్మిగనూరులో కన్నడ పదమే వాడవచ్చు. పుస్తకంలోని పదంతో దాన్ని ‘సరిదిద్దకండి’. విన్నది విన్నట్టు రాయండి, పక్కన అర్థం రాసుకోండి. మగ్గం పోయినా పదం ఇంకో తరం బతుకుతుంది, ఆ తరువాత అదీ పోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: జంఖానాలో పడుగు దారాలు పైకి ఎందుకు కనిపించవు?

6. ఎమ్మిగనూరు: రైలు లేని ఊరు నిలబడిన తీరు

ఎమ్మిగనూరు పేరుకు కన్నడంలో గేదె అనే అర్థమున్న ‘ఎమ్మె’ మూలమని చెబుతారు. జనవరి ప్రాంతంలో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతరకు, దానితోపాటు జరిగే పశువుల సంతకు ఊరు ప్రసిద్ధం. ఇక్కడి నేత కులాల్లో ముఖ్యమైన కుర్ని లేదా కురుహినశెట్టి వారికి నీలకంఠేశ్వరుడు కులదైవం. దైవం, సంత, నేత మూడూ ఒకే ఉత్సవంలో కలుస్తాయి. రైతు ఎద్దులు అమ్మి చేతిలో డబ్బు పడ్డ రోజే బట్ట కొంటాడు. జాతర బయట కనిపించే అంగళ్ల వరుసను ఈ దృష్టితో చూడండి.

చేనేతలో కష్టం నేయడంలో కంటే, నూలు కొనడంలోనూ బట్ట అమ్మడంలోనూ ఎక్కువ. విడిగా ఉన్న నేతగాడు షావుకారు దగ్గర నూలు అప్పుగా తెచ్చుకుంటాడు, బట్టను అతనికే ఇస్తాడు. రెండు వైపులా ధర షావుకారే నిర్ణయిస్తాడు. అప్పు తీరదు. దీనికి విరుగుడుగా 1938లో మాచాని సోమప్ప నాయకత్వంలో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఇటువంటి సంఘం నూలును టోకుగా కొని సభ్యులకు ఇస్తుంది. రంగులు వేయిస్తుంది. ఏ కొలతలో, ఏ నమూనాలో నేయాలో చెబుతుంది. బట్టను తీసుకుని కూలి చెల్లిస్తుంది. అమ్మకం బాధ్యత తానే మోస్తుంది. సంఘం నేతపనివారికి ఇళ్ల కాలనీని కూడా కట్టించింది. దుప్పట్లు, తువ్వాళ్లు, తెరల గుడ్డలు ఎమ్మిగనూరు పేరుతో దూరప్రాంతాలకు వెళ్లాయి. సోమప్పకు 1954లో పద్మశ్రీ లభించింది. పద్మ పురస్కారాలు మొదలైన సంవత్సరమే అది.

ఇక్కడ మన మొదటి ప్రశ్నకు వద్దాం. రైలు లేకపోవడం వల్లనే ఎమ్మిగనూరులో మగ్గం మిగిలిందా? కొంత నిజమే. ప్రెస్సులు, మిల్లులు పట్టాల పక్కన చేరాయి, ఇక్కడికి రాలేదు. కాని రైలు లేని ఊళ్లు రాయలసీమలో ఎన్నో ఉన్నాయి, అన్నిటిలోనూ మగ్గాలు మిగలలేదు. పాత నేత కులాలు ఒకేచోట ఎక్కువగా ఉండటం, వారిని నమ్మించి కూడగట్టగలిగిన మనుషులు దొరకడం, నూలు, అమ్మకం రెండింటినీ సంఘం తన చేతిలోకి తీసుకోవడం ఇందుకు తోడ్పడ్డాయి. పైగా సంఘానికి కావలసిన నూలు, అమ్మవలసిన బట్ట దూరం ప్రయాణించాలంటే ఆదోని లేదా మంత్రాలయం రోడ్డు స్టేషన్‌కు చేరవలసిందే. కాబట్టి ఎమ్మిగనూరు రైలుకు బయట ఉన్నదని అనలేం. పట్టాలకు కొంచెం దూరంలో ఉన్నది, అంతే. మంత్రాలయం రోడ్డు నుంచి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలుకు రైలుమార్గం కావాలన్నది ఇక్కడి ప్రజల చిరకాల కోరిక.

నేడు ఆ మగ్గాల మీద ఒత్తిడి చాలా ఉంది. 1985లో పార్లమెంటు చేసిన చట్టం కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయించింది. ఆ జాబితాలో దుప్పట్లు ఉన్నాయి, జంఖానాలు కూడా ఉన్నాయి. మొదట 22 రకాలున్న జాబితా తరువాత 11కు తగ్గింది. చట్టం ఉన్నా మరమగ్గపు దుప్పటి చేనేత పేరుతో బజారులో దొరుకుతూనే ఉంది. అంచును, నేతను చూసి తేడా చెప్పగల కొనుగోలుదారు లేకపోతే చట్టానికి బలం ఉండదు. వెనుకటి విభాగంలో మీ చేత దారాలు లెక్కపెట్టించడానికి ఇదీ ఒక కారణం.

7. ఆట, పాట, నాటకం

ఈ ప్రాంతపు ప్రదర్శన కళల గురించి ఇక్కడ క్లుప్తంగానే చెబుతాం. చెక్కభజన, కోలాటం రాయలసీమ అంతటా ఉన్నవే. గురవయ్యలు మాత్రం కర్నూలు జిల్లాకు ప్రత్యేక గుర్తింపు తెచ్చినవారు. మల్లన్న భక్తులైన వీరు ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకుని, డమరుకం, పిల్లనగ్రోవితో ఆడతారు.

నాటకం విషయంలో మళ్లీ బళ్లారిని తలచుకోవాలి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, వారి తరువాత బళ్లారి రాఘవ ఆధునిక తెలుగు నాటకరంగానికి రూపమిచ్చింది ఆ పట్టణంలోనే. ధర్మవరం వారి సరస వినోదినీ సభ మద్రాసులో ప్రదర్శించిన నాటకాలు చూసి పమ్మల్ సంబంధ మొదలియారు ఉత్తేజితుడయ్యాడు. ఆయన 1891లో స్థాపించిన సుగుణ విలాస సభ తమిళ నాటకానికి మలుపు. బళ్లారిని గుంతకల్లు ద్వారా మద్రాసుతో కలిపే రైలు అప్పటికే నడుస్తోంది. పత్తి బేలుతోపాటు నాటకం పెట్టె కూడా ప్రయాణించడం సులభమైన కాలం అది.

8. క్షేత్ర పరిశీలన

ఇప్పుడు మీ వంతు. రైల్వే స్టేషన్ నుంచి మొదలుపెట్టి, ఊరి మధ్యలో ఉన్న పాత కట్టడం దాకా కాలినడకన వెళ్లండి. దారిలో కనిపించే ప్రతి పాత గోడౌను, మిల్లు గోడ, సత్రం, అంగడి మీద ఉన్న సంవత్సరం, పేరు, భాష రాసుకోండి. ఆదోనిలో అయితే ఒకే వీధిలో నాలుగు లిపులు కనిపించినా ఆశ్చర్యం లేదు. ఫోటో తీసేముందు ఇంటివారిని అడగండి. రైల్వే ఆవరణలో ఫోటోలకు నియమాలుంటాయి, స్టేషన్ మాస్టరును సంప్రదించండి.

తరువాత ఒక పెద్దవారితో మాట్లాడండి. మగ్గం మీద పనిచేసినవారు, ప్రెస్సులో బేళ్లు కట్టినవారు, గూడ్స్ షెడ్డులో హమాలీగా ఉన్నవారు ఎవరైనా సరే. ‘ఆ రోజులు ఎలా ఉండేవి తాతా?’ అని అడిగితే ‘బాగుండేవి నాయనా’ అనే జవాబే వస్తుంది. వస్తువును ముందు పెట్టి అడగండి. ‘ఈ నాడె ఎవరిది తాతా? మీకు ఎవరు నేర్పించినారు? మొదటి కూలి డబ్బు ఏం చేసినారు?’ అనండి. ఆడవారిని తప్పక అడగండి. కండెలు చుట్టడం, పడుగు సిద్ధం చేయడం వంటి పనుల్లో ఎక్కువ భాగం వారిదే, కాని ‘నేతగాడు’ అనే మాటలో వారు కనిపించరు. ‘నేనేం నేస్తాను, ఆయనకు అందిస్తాను అంతే’ అని అవ్వ అంటే, ఆ అందించడంలో రోజుకు ఎన్ని గంటలు పోతాయో అడగండి.

చెప్పినదాన్ని మూడు రకాలుగా విడదీసి రాయండి: వారు స్వయంగా చూసినది, పెద్దలు చెప్పగా విన్నది, ఊరంతా అనుకునేది. సంవత్సరం గుర్తులేకపోతే ఒత్తిడి చేయకండి. ‘మీ పెద్దమ్మాయి పుట్టకముందా, తరువాతా?’ అని అడిగితే కాలం దానంతటదే తేలుతుంది. పేరు రాయడానికి అనుమతి తీసుకోండి, ఇష్టం లేదంటే పని మాత్రం రాసి పేరు వదిలేయండి. అప్పుల గురించి చెప్పిన మాటలను ఏ పరిస్థితుల్లోనూ పేరుతో కలపకండి.

నివేదిక నాలుగు నుంచి అయిదు పుటలు చాలు. చేతితో గీసిన దారి పటం ఒకటి, ఒక వస్తువు వర్ణన, ఒక సంభాషణ, మీరు సేకరించిన పదాల పట్టిక అందులో ఉండాలి. ఒక ప్రతిని అధ్యయన కేంద్రంలో ఇవ్వండి, మరొకటి మీతో మాట్లాడిన కుటుంబానికి చదివి వినిపించి వారికే ఇవ్వండి. తప్పులు ముందుగా పట్టుకునేది వారే.

పరిశీలనకు రోజు ఎంచుకునేటప్పుడు స్థానిక క్యాలెండరు చూసుకోండి. జాతర రోజుల్లో జనం ఉంటారు కాని, ఎవరికీ తీరిక ఉండదు. సుగ్గికి పోయిన ఇళ్లకు తాళాలుంటాయి. వెళ్లినవారిలో చాలామంది ఉగాది నాటికి తిరిగి వస్తారు. మీ పని ఆ తరువాత, ఎండ ఎక్కకముందు ఉదయం పూట పెట్టుకోవడం మంచిది.